పెసరట్టు మేత

వినాయక చవితి మర్నాడు పొద్దున్నే పూజ పీట సర్దుదామని వెళ్ళి చూస్తే, పళ్ళెంలో పత్రి సగానికి సగం లేదు.

ఎలకలు పత్రి ముట్టవు. ఆవేమో మూడో అంతస్తు ఎక్కి రాదు. హాల్లో కుర్చీలో కూర్చుని ఫోన్‌లో అందరికీ శుభోదయాలు పంపిస్తున్న మా మామగారి వైపు తిరిగాను.

"మామయ్యగారూ, పత్రి ఏమైంది?"

"అదా! నిన్న సాయంత్రం మన పెసరట్టుకి పెట్టానమ్మాయ్," అన్నారు, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుతూ. "పండగ పూట మనందరం ఉండ్రాళ్ళూ పులిహోరా లాగించి, దాన్ని మాత్రం రోజూ తినే గడ్డికి వదిలేస్తామా? ఎంత ఇష్టంగా తిందనుకున్నావ్!"

వంటింట్లోకి పరిగెత్తాను. బల్ల దగ్గర మా ఇందు తేనె చెంచా నోటి దాకా తీసుకెళ్ళింది. ఒక్క చరుపు చరిచాను. చెంచా ఎగిరి స్టవ్వు కింద పడింది.

"నాకావా? నాలిక మీద పెట్టుకున్నావా? చెప్పవే!"

"లేదమ్మా," అంది పిల్ల బిక్కమొహం వేసుకుని. "అదోలాంటి వాసనొస్తోందని చూస్తున్నా."

ఆ చెంచాలో మందు కలిపి చేతికిచ్చింది నేనే. చీకట్లోనే, పెసరట్టు ఇంకా నిద్రలో ఉండగానే, దాని ముక్కు కింద పేరుకున్న ఉప్పుని దూదితో తీసి, తేనెలో రంగరించి, తాగెయ్యమ్మా అని చెప్పి పీట సర్దడానికి వెళ్ళాను. అప్పుడే పీట దగ్గరికి వెళ్ళకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

పెసరట్టు ఎవరని అడుగుతారు. ఇగువానా. ఉడుము కాదండోయ్, మా అపార్ట్‌మెంటు వాళ్ళందరికీ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. తోకతో కలిపి బారెడు పొడుగు, ఒళ్ళంతా పెసరపచ్చ. ఆ పేరు ఇందు పెట్టింది.

మా ఇందుకి పుట్టుకతోనే ఒక లోపం. తిన్న ముద్ద ఒంట్లో అరిగేటప్పుడు ఎవరికైనా కాస్త విషం పుడుతుందట. మీకూ నాకూ కాలేయం దాన్ని విరిచేస్తుంది. విరిచే రసం మా పిల్ల ఒంట్లో తయారవదు. ఊరుకుంటే ఆ విషం నెత్తికెక్కుతుంది. మొదట మత్తు, తరవాత సంధి మాటలు, ఆ తరవాత స్పృహ ఉండదు. చిన్నప్పుడు అలా రెండుసార్లు చేతుల్లోంచి జారిపోబోయి వెనక్కొచ్చింది.

అప్పుడు దొరికారు మాకు డాక్టర్ ఎస్తేరు గారు. ఋషికొండ అవతల చిన్న లాబ్, పైన నాలుగు మంచాల వార్డు. ఇగువానాలు ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కులోంచి తుమ్మి పారేస్తాయి. ఆ పని చెయ్యడానికే ముక్కు లోపల చెరో పక్కా ఒక గ్రంథి ఉంటుంది. ఎస్తేరు గారు ఇందు చర్మంలోంచి కాసిని కణాలు తీసి, వాటిలో లోపం సరిచేసి, ఒక ఇగువానా గుడ్డులోకి ఎక్కించారు. గుడ్డు పగిలింది, అది పెరిగింది, తుమ్మింది. ఆ తెల్లటి ఉప్పులో మా పిల్లకి కావలసిన రసం ఉంది. మా పిల్లకి మాత్రమే. ఇంకొకరి ఇగువానా ఉప్పు ఇందుకి పనికిరాదు.

లోకంలో ఎవరైనా తుమ్ము వినబడితే ప్రయాణం ఆపుకుని మంచినీళ్ళు తాగుతారు. మేము తుమ్ము కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం. అది గాజు పెట్టెలో "చ్చి" అనగానే మామగారు "చిరంజీవ!" అని దీవించేవారు, ఇందు ఇవతల నించుని చప్పట్లు కొట్టేది. పిల్ల దాన్ని ముట్టుకోకూడదు. దాని ఒంటి మీద క్రిములుంటాయి, ఇందుకి తట్టుకునే బలం లేదు. అందుకని గాజుకి ఇవతల నుంచే ముద్దులూ కబుర్లూ అన్నీ.

దాని మేత సంగతి నాది. బజారు ఆకుకూర పెడితే దాని మీద కొట్టిన మందు గ్రంథిని మాడ్చేస్తుంది. కుండీల్లో పెంచి పెడితే ఉప్పు వస్తుంది గానీ అందులో పస ఉండదు. ఎండకి మాడి, పురుగు కొరికి, మొండికేసి బతికిన మొక్కలోనే అసలు సరుకు పుడుతుందని ఎస్తేరు గారు కనిపెట్టారు. ఇంకేముంది, రోజూ పొద్దున్నే సంచీ పట్టుకుని కొండ వార నేను. అటికమామిడి, చెంచలికూర, తుమ్మి, గడ్డిచేమంతి. కోసుకొచ్చి, మూడు నీళ్ళు కడిగి, ఆకు ఆకూ తిరగేసి చూసి, నా చేత్తో తినిపించేదాన్ని. "ఇంట్లో మేకని పెంచుతున్నారాండీ?" అని కింది ఫ్లాటావిడ వెటకారం. పెంచుతున్నానమ్మా, నీకేం నొప్పి?

అంత జాగ్రత్తగా పెంచుకుంటే, ఈయన పూజ పత్రి పెట్టారు.

"ఏయే ఆకులు పెట్టారు?" అని మామగారి మీదకెళ్ళాను.

ఆయనకి ఇంకా అర్థం కాలేదు. రిటైరైన లెక్కల మాష్టారు, పేరు కామేశ్వర్రావు, దేనికైనా రుజువు చూపించడం అలవాటు. ఫోన్ నా మొహం ముందు పెట్టారు. "ఇదిగో చూడు, వాట్సాప్‌లో ఎంత వివరంగా రాశారో. ఇరవై ఒక్క పత్రీ ఇరవై ఒక్క ఔషధమట. అన్నీ అడవి మొక్కలేనాయె. నువ్వు తెచ్చేవీ అవే కదా. నేనేం గుడ్డిగా పెట్టలేదు."

పళ్ళెం నేల మీద బోర్లించి వెతికాను. మాచిపత్రి ఉంది, రేగు ఉంది, జిల్లేడు ఉంది, ఉమ్మెత్త కూడా ఉంది. గన్నేరు లేదు. పువ్వులతో సహా కట్టిన గన్నేరు రెమ్మ, నేనే కొన్నాను బజార్లో, దాని కాడ మాత్రం మిగిలింది.

"గన్నేరు పెట్టారా?"

"పువ్వంటే దానికి ఇష్టమని..."

"గన్నేరు విషమండీ! పశువు తిన్నా గుండె ఆగి చస్తుంది! దేవుడికి పెడతాం గానీ ఎవరైనా తింటారా దాన్ని? పిల్లని చంపుదామనుకున్నారా మీరు?"

అనేశాను. ఆయన ఫోన్ కిందికి దించారు. నేను ఆగలేదు.

గాజు పెట్టెలో పెసరట్టు కొమ్మ మీద లేదు. అడుగున పొట్ట ఆనించి పడుకుని ఉంది. నా చెయ్యి చూస్తే మెడ చాచి వచ్చే జీవం, కన్ను మాత్రం తిప్పింది. నోట్లోంచి చొంగ.

మా ఆయన శేషు గూడ్స్ బండి తోలుతారు. అప్పుడు రాయగడ లైన్లో ఎక్కడో ఉన్నారు, డ్యూటీలో ఫోన్ ఎత్తరు. పెసరట్టుని దుప్పటిలో చుట్టి, ఇందు చెయ్యి పట్టుకుని కిందికి దిగి ఆటో పిలిచాను. మామగారు చెప్పులు లేకుండా వెనకాలే వచ్చి డ్రైవరు పక్కన ఎక్కారు. దిగిపొమ్మందామనుకున్నాను. ఈలోపు ఆటో కదిలింది.

లాబ్‌లో ఎస్తేరు గారు విషయం విని వెంటనే లేచారు. ముందు ఇందుని పైన వార్డుకి పంపి సెలైన్ పెట్టించారు. పొద్దుటి మందు పడలేదు కనక సాయంత్రానికి పిల్లకి మత్తు మొదలవుతుంది. తరవాత పెసరట్టు గొంతులోకి సన్నటి గొట్టం వేసి కడుపు కడిగారు. గన్నేరు రేకులు గులాబీ రంగులో అలాగే వచ్చాయి, నమిలీ నమలకుండా. బొగ్గు పొడి నీళ్ళలో కలిపి పట్టించారు. దాని ఛాతీ మీద చిన్న బిళ్ళ పెట్టి తెర వైపు చూశారు.

"గుండె మెల్లగా కొట్టుకుంటోంది హైమవతి గారూ. మధ్యలో తప్పిపోతోంది కూడా."

"బతుకుతుందా?"

"చెప్పలేను. తేలితే రేపటికి తేలుతుంది. కానీ అసలు ఇబ్బంది అది కాదు." ఆవిడ దూదితో దాని ముక్కు తుడిచి, ఆ ఉప్పుని గాజు పలక మీద రాసి, దాని మీద ఏదో మందు చుక్క వేశారు. తెల్లటిది కాస్తా ఊదారంగుకి తిరిగింది. "ఒంట్లో విషమంతా ఉప్పు గ్రంథుల్లోంచి బయటికి తోస్తోంది. తనని తాను కాపాడుకునే పద్ధతి అది. కానీ ఆ గ్రంథుల్లో ఉన్నవి ఇందు కణాలు. అవి ఈ విషానికి ఆగవు. సాయంత్రానికి మాడిపోతాయి. అప్పుడిది బతికినా మందు రాదు."

"ఏం చెయ్యాలి?"

"ఒక పక్క గ్రంథి ఇప్పుడే తీసేస్తాను. దాన్ని కడిగి గిన్నెలో పెంచితే కొన్ని వారాలు చుక్క చుక్క మందు వస్తుంది. అంతకు మించి ఆ కణాలు గిన్నెలో బతకవు. రెండో పక్క గ్రంథికి అదే కోతలోంచి విరుగుడు ఎక్కించి వదిలేస్తాను. అది నిలబడితే, తరవాత మళ్ళీ దీనిదే మందు."

"అయితే తియ్యండి. ఇంకా నన్ను అడుగుతారేంటి?"

ఆవిడ కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. "మత్తు ఇవ్వలేను. ఈ గుండె మత్తుకి ఆగదు. మొద్దుబారడానికిచ్చే సూది మందు కూడా గుండె మీదే పడుతుంది. కట్టేస్తే గింజుకుంటుంది, గింజుకున్నా గుండె ఆగుతుంది. అది కదలకుండా ఉండాలి. తనంతట తనే ఉండాలి. మా వాళ్ళు ఎవరు పట్టుకున్నా ఉండదు. అది నమ్మే చెయ్యి మీది ఒక్కటే."

నాకు అప్పుడు తలకెక్కింది ఆవిడేం అడుగుతున్నారో. అది నమ్ముతుంది కాబట్టి కదలదు. కదలదు కాబట్టి కొయ్యొచ్చు.

"పోనీ కొత్త గుడ్డు..."

"పొదగడానికి నెలలు. పెరగడానికి ఏడాది. పైన ఆ పిల్ల ఆగాలి కదండీ."

మామగారు గోడకి చేరబడి ఉన్నారు. "నేను పట్టుకుంటానమ్మా," అన్నారు మెల్లగా. "తప్పు నాది. ఆ పాపం నా చేతులకే..."

"మీరు ముట్టుకోకండి!" అని అరిచాను. "ఇక జన్మలో దాని దగ్గరికి రాకండి!"

ఆయన బయటికి వెళ్ళిపోయారు.

బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచారు. పెసరట్టుని నా రెండు చేతుల్లో తీసుకుని పడుకోబెట్టాను. రోజూ తినిపించాక దాని గవద కింద గోకేదాన్ని, కళ్ళు మూసుకునేది. అలాగే గోకాను. మూసుకుంది, పిచ్చి తల్లి. ఏమీ లేదురా, అయిపోయిందిరా, బంగారం కదూ, అని నోటికొచ్చిందల్లా వాగుతున్నాను. ఎస్తేరు గారి కత్తి దాని ముక్కు పక్కన దిగింది.

కళ్ళు తెరిచింది. నన్నే చూసింది.

వాటికి గొంతు లేదండీ. కుక్కయితే మొర పెట్టుకుంటుంది, పిల్లి అయితే రక్కుతుంది. ఇది నా బొటనవేలు చుట్టూ గోళ్ళు బిగించి, నా కళ్ళలోకి చూస్తూ అలా ఉండిపోయింది. ఒళ్ళంతా లోపల సన్నగా వణుకు, అది నా అరచేతులకి తెలుస్తోంది. కానీ గింజుకోలేదు. తెర మీద గీత ఎగిరి, పడి, చాలాసేపు పడుకుంది. "ఎస్తేరు గారూ!" అన్నాను. "మాట్లాడకండి, గోకండి," అన్నారావిడ. గోకాను. గీత మళ్ళీ లేచింది. నేను ఏడుస్తూనే గోకుతున్నాను. నా కన్నీళ్ళు దాని తల మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకోవాలనిపించింది, కానీ తిప్పితే దాన్ని మోసం చేసినట్టనిపించి తిప్పలేదు.

సాయంత్రం గిన్నెలోంచి తీసిన మొదటి చుక్క ఇందు నాలిక మీద వేశారు. అప్పటికే పిల్లకి నన్ను చూసి అత్తా అనేంత మత్తు. చీకటి పడేసరికి "అమ్మా, ఇడ్లీ" అంది. నేను మంచం కోడుకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను. పెసరట్టు కూడా బతికింది. నాలుగైదు రోజుల తరవాత ఎస్తేరు గారు రెండో గ్రంథి పరీక్ష చేసి, నిలబడిందండీ అని నా చేతులు పట్టుకుని ఊపేశారు.

నేను అనుకున్నదేమిటంటే, ఇక్కడితో గండం గడిచిందని.

ఇంటికి తెచ్చి గాజు పెట్టెలో వదిలి, లేత అటికమామిడి తీగ పట్టుకుని చెయ్యి లోపలికి పెట్టాను. పెసరట్టు వెనక్కి జరిగింది. గవద ఉబ్బించింది. తోక ఝాడించి నా మణికట్టు మీద కొట్టింది, వాత తేలింది. ఆకు అక్కడ పెట్టేసి వచ్చాను. ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. నేను గదిలోకి అడుగు పెడితే చాలు, మూలకి పోయి గోడకి మొహం పెట్టుకునేది.

ముక్కు కింద ఉప్పు పల్చబడింది. తినకపోతే ఉప్పెక్కడి నుంచి వస్తుంది? గిన్నెలో కణాలు రోజు రోజుకీ తగ్గిపోతున్నాయని లాబ్ నుంచి ఫోన్లు. గొట్టంతో పోద్దామా అని అడిగాను. "భయపడితే గ్రంథి మూసుకుపోతుంది. దానంతట అది తినాలి," అన్నారు ఎస్తేరు గారు. శేషు సెలవు పెట్టి వచ్చి బతిమాలారు. ఆయన్ని చూసినా అంతే. ఎప్పుడో గానీ ఇంట్లో ఉండరు, దానికి కొత్త మనిషే కదా. ఇందు గాజుకి బుగ్గ ఆనించి, "నామీద ఒట్టు, తినవే," అని ఏడ్చేది. "ఎందుకమ్మా అలిగింది? నువ్వేమన్నావ్ దాన్ని?" అని నన్ను అడిగింది. ఏం చెప్పను? "నేనే పట్టుకున్నానమ్మా కోస్తుంటే," అన్నాను. పిల్ల మళ్ళీ గాజు వైపు తిరిగింది. ఆ పూట నా దగ్గరికీ రాలేదు.

మామగారు ఆ రోజు నుంచీ ఫోన్ తెరవలేదు. అన్నం పెడితే తినేవారు, లేకపోతే లేదు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. నిజం చెప్పొద్దూ, ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం కొండ వార రెండో సారి వెతికి, తుమ్మి దొరికితే అదైనా ముడుతుందేమోనని పట్టుకొచ్చాను. తలుపు తీసే ఉంది. గాజు పెట్టె దగ్గర మామగారు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. పెట్టె తలుపు తెరిచి ఉంది. ఆయన అరచేతిలో పొద్దున్న నేను తెచ్చిన చెంచలికూర. పెసరట్టు కొమ్మ దిగి, మెడ చాచి, ఆ చేతిలోంచి తింటోంది.

నా చేతిలో సంచీ జారింది. ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి చూశారు.

"నీ బుట్టలోదేనమ్మా. ఒట్టు. వేరేది ఒక్క ఆకు తేలేదు. తినకుండా చచ్చిపోతుందేమోనని ఊరికే ఇలా చూపించాను, అంతే..."

చెంచలికూర గబగబా లాగి ఆకు ఆకూ తిరగేశాను. నాదే. మూడు నీళ్ళు కడిగిందే. నన్ను చూసి పెసరట్టు అప్పటికే మూలకి పోయి గోడ వైపు తిరిగింది. నోట్లో సగం ఆకు అలాగే వేలాడుతోంది, మింగలేదు.

దానికేం తెలుసు? దాని లెక్కలో ఈయన పండగ పూట పువ్వులు తినిపించినాయన. నేను కదలకుండా పట్టుకుని కోయించినదాన్ని. కడుపు మండిపోయిందండీ నాకు. రోజూ ఎండలో పడి ఏరి తెచ్చేదాన్ని నేను, దాన్ని బతికించింది నేను, చంపబోయినాయన చెయ్యి కావాలా దీనికి? ఇన్నాళ్ళ తరవాత ఆయన మొహంలోకి నిండుగా చూశాను. గడ్డం పెరిగి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"నేను లేచిపోతానమ్మాయ్," అన్నారు. "నువ్వే పెట్టు. దగ్గరికి రావద్దన్నావు, తప్పే."

లేవబోయారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. సంచీలోంచి తుమ్మి రెమ్మలు తీసి, చీడ పట్టిన ఆకు గిల్లేసి, కడిగి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"కాడ వైపు పట్టుకోండి," అన్నాను. "లేతవి ముందు పెట్టండి. తొందరపెట్టకండి మామయ్యగారూ."

దాని కంట పడకుండా వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నించున్నాను. చేతికంటిన తడి కొంగుకి తుడుచుకున్నాను. తరవాత అది నములుతున్న చప్పుడు వినిపించింది.